సెకండ్ హ్యాండ్ ప్రింటర్, కట్టర్: బేరానికి ముందే పట్టుకోవలసిన జబ్బులు

విశాఖలో స్టిక్కర్ల షాపుకి వినైల్ ప్రింటరు, కట్టర్ సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే, మెషీన్ చూడ్డానికి వెళ్లే ముందురోజే అమ్మేవాళ్లతో ఒక మాట అనుకోండి: మేం వచ్చేదాకా ఆన్ చెయ్యొద్దని. అరగంట ముందు రెండు మూడు క్లీనింగులు కొట్టి ఉంచితే సగం చచ్చిన హెడ్ (ఇంకు చిమ్మే భాగం) కూడా మొదటి ప్రింటు ముత్యాల్లా ఇస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న మెషీన్ పొద్దున్నే ఇచ్చే నాజిల్ చెక్కే (హెడ్‌లోని ప్రతి ఇంకు రంధ్రం ఒక గీత గీసే టెస్టు ప్రింటు) దాని అసలు జాతకం. గాజువాక ఆటోనగర్ షెడ్డులో చూసినా, డాబాగార్డెన్స్ సందులో చూసినా ఇదే లెక్క.

వెంట పట్టుకెళ్లాల్సినవి: మల్టీమీటర్, టార్చి, 20 మి.లీ. సిరంజి, స్టీలు స్కేలు, కొలత టేపు, భూతద్దం, మీ సొంత వినైల్ నాలుగైదు మీటర్లు, టెస్టు ఫైలున్న పెన్ డ్రైవ్. ఫైల్లో సయాన్, మజెంటా, ఎల్లో, బ్లాక్ ఒక్కొక్కటీ 10 సెంటీమీటర్ల పట్టీగా, మీడియా (ప్రింటు కొట్టే వినైల్) వెడల్పంతా నిండుగా ఉండాలి. అమ్మేవాళ్లు తమ ఫోటో ఫైలు కొట్టి చూపిస్తామంటారు. ఫోటోలో లోపాలు దాక్కుంటాయి, నిండు రంగులో దాక్కోలేవు.

జబ్బులు రెండు రకాలు. క్యాప్ (ఆగి ఉన్నప్పుడు హెడ్‌ని మూసే రబ్బరు మూత), వైపర్ (హెడ్‌ని తుడిచే రబ్బరు), డ్యాంపర్ (హెడ్‌కి ఇంకు అందించే చిన్న ఫిల్టరు డబ్బా), బ్లేడు, కటింగ్ స్ట్రిప్ (కట్టర్లో బ్లేడు కింద ఉండే పట్టీ) అరిగిపోయే సరుకు. వాటికి ధర తగ్గిస్తే చాలు, బేరం వదలనక్కర్లేదు. హెడ్, బోర్డు, రైలు (క్యారేజి, అంటే హెడ్‌ని మోసే బండి, నడిచే కడ్డీ), గ్రిట్ రోలర్ (మీడియాని లాగే గరుకు రోలరు) అలా కాదు. ఆ మోడల్ హెడ్ (డీఎక్స్5, డీఎక్స్7, ఎక్స్‌పీ600, ఏదైతే అది) కొత్తది ఎంతుందో వెళ్లేముందే కనుక్కోండి. అనుమానం తగిలితే తగ్గించాల్సింది ఆ మొత్తమే.

నాజిల్ చెక్‌లో గీతలు మిస్ అవుతున్నాయి

ఒక్క పేజీ చూసి తేల్చకండి. నాజిల్ చెక్, ఒక నార్మల్ క్లీనింగ్, మళ్లీ చెక్, ఇలా మూడుసార్లు చేసి కాగితాలన్నీ పక్కపక్కన పెట్టండి. మూడింటిలోనూ అదే చోట అవే గీతలు లేకపోతే ఆ నాజిళ్లు మూసుకుపోయాయి, లేదా చచ్చాయి. లేని గీతలు ప్రతిసారీ చోటు మారుతుంటే హెడ్ బతికే ఉంది; గాలి లాగుతోంది. క్యాప్ సరిగ్గా పట్టకపోవడమో, డ్యాంపర్ దగ్గర ఓ-రింగ్ వదులో, ఇంకు ట్యూబు పగులో కారణం.

క్యాప్ సంగతి అక్కడే తేల్చుకోవచ్చు. క్యాప్ నిండా క్లీనింగ్ లిక్విడ్ పోసి పది నిమిషాలు ఆగండి. దానంతటదే కిందికి జారిపోతే పంపు ట్యూబు సాగిపోయింది. పంపు తిప్పినా లాగకపోతే ట్యూబు మూసుకుపోయింది, లేదా పంపే పోయింది. టార్చి వేసి క్యాప్ రబ్బరు అంచు చూడండి. గట్టిపడినా, నొక్కు పడినా మార్చాల్సిందే. ఈ భాగాలన్నీ కలిపినా హెడ్ ధరతో పోలిస్తే చిల్లరే.

అదే చోట మిస్సయ్యే గీతలు ఐదారుకి మించకపోతే, హెడ్‌ని క్లీనింగ్ లిక్విడ్‌లో రాత్రంతా నాననిస్తే కొన్ని తెరుచుకోవచ్చు. తెరుచుకుంటాయని ముందే డబ్బు మాత్రం కట్టకండి. సిరంజితో కడిగేటప్పుడు బలంగా తోయొద్దు. లోపలి పలచని పొర చిరిగితే రంగులు ఒకదాంట్లోకి ఒకటి దిగుతాయి, ఆ హెడ్ ఇక తక్కెట్లోకే.

చెక్ బాగానే ఉంది, ప్రింటు మధ్యలో రంగు పలచబడుతోంది

నిండు పట్టీ మొదట్లో చిక్కగా ఉండి, అర మీటరు తిరిగేసరికి ఒక రంగు పాలిపోతుంటే ఇంకు అందట్లేదని అర్థం. డ్యాంపర్ లోపలి జల్లెడ మూసుకుపోయి ఉంటుంది. ముందు ఆ రంగు డ్యాంపర్ మార్చండి, లేదా పక్క రంగు డ్యాంపర్‌తో తాత్కాలికంగా మార్చి చూడండి. జబ్బు డ్యాంపర్‌తోపాటు మారితే దొరికినట్టే. మారకపోతే సబ్ ట్యాంకు (మెషీన్ మీది చిన్న ఇంకు ట్యాంకు) నుంచి వచ్చే ఫిల్టరు, ట్యూబు మడత, ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం వరసగా చూడండి. ఆ రంధ్రం ఎండిన ఇంకుతో మూసుకుపోవడం చాలా మామూలు. సూదితో పోయే జబ్బుకి హెడ్ మార్చేసినవాళ్లున్నారు.

ఇంకు ఏ కంపెనీది వాడుతున్నారో అడగండి. మధ్యలో బ్రాండు మార్చి, ట్యూబులు కడగకుండా పోసి ఉంటే రెండూ కలిసి గడ్డ కట్టొచ్చు. మీరు పోయబోయే ఇంకు, ట్యాంకులో ఉన్న ఇంకు 5 మి.లీ. చొప్పున గాజు సీసాలో కలిపి రాత్రంతా ఉంచండి. పొద్దున అడుగున మడ్డి కనిపిస్తే మొత్తం కడగాల్సిందే.

ఎల్లోలోకి నలుపు దిగుతోంది

క్యాప్ మురికిగా ఉంటే హెడ్ ఆ మురికినే పీలుస్తుంది. క్యాప్, వైపర్, హెడ్ అంచులు తుడిచి, ఎల్లో ఒక్కటే మీటరు కొట్టించండి. శుభ్రంగా వస్తే గొడవ తీరింది. క్యాప్ శుభ్రంగా ఉన్నా, పది నిమిషాలు ఊరికే ఉంచాక మళ్లీ మసక వస్తే హెడ్ లోపల రంగుల మధ్య గోడ పోయింది. లేచి వచ్చేయండి, లేదా హెడ్ లేని మెషీన్‌గా ధర కట్టండి.

ఒక రంగు, లేదా హెడ్ మొత్తం అసలు పడట్లేదు

ఇది ఇంకు జబ్బా కరెంటు జబ్బా అన్నది తేలాలి. మెషీన్ ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, ఐదు నిమిషాలు ఆగి హెడ్ ఫ్లాట్ కేబుళ్లు విప్పించండి. కొసల్లో ఇంకు మరకో, నల్లగా కాలిన గుర్తో ఉంటే షార్టు అయ్యింది. బోర్డు మీద ఫ్యూజు పోయి ఉండొచ్చు. ట్రాన్సిస్టర్లు పోతే బోర్డు రిపేరుకే. "మంచి సాకెట్‌లో పెట్టి చూద్దాం" అని అనుమానం ఉన్న హెడ్‌ని పక్క సాకెట్‌కి తగిలించనివ్వకండి. షార్టయిన హెడ్ మంచి బోర్డునీ తీసుకుపోతుంది.

ఈ జబ్బు తరచూ ఎర్తింగ్ నుంచే వస్తుంది. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఏసీ వోల్టేజి చూడండి. 2-3 వోల్టులు దాటితే ఆ షాపులో హెడ్లు నిలబడవు. మీ షాపులోనూ ఇదే కొలత మెషీన్ దిగకముందే తీసుకోండి. పై అంతస్తులో అద్దె గదైతే, ఉన్న ఎర్తు పేరుకే ఉంటుంది. విడిగా ఎర్త్ పిట్ వేయించుకోవడం మేలు. బోర్డుకి ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టి, వైరింగ్ వేరుగా ఉంటే హీటర్లని మెయిన్ లైను మీదే ఉంచండి. హీటర్లు కూడా యూపీఎస్ మీద వేస్తే బ్యాటరీలు నిమిషాల్లో చేతులెత్తేస్తాయి.

అడ్డంగా చారలు, అంచులకు నీడ, క్యారేజి గోడకు కొట్టుకోవడం

చారలు సమాన దూరంలో ఉంటే ఫీడ్ సర్దుబాటే. తెల్ల గీత వస్తే మీడియా ఎక్కువ జరుగుతోంది, ముదురు గీత వస్తే తక్కువ జరిగి పాసులు (హెడ్ ఒక్కోసారి కొట్టే పట్టీలు) ఒకదానిపై ఒకటి ఎక్కుతున్నాయి. మెనూలో ఫీడ్ విలువ మార్చి అక్కడే సరిచేయించండి. సన్న అక్షరానికి పక్కన నీడ పడితే బై-డైరెక్షన్ అలైన్‌మెంట్ (హెడ్ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ పడే చుక్కల్ని కలిపే సర్దుబాటు) చేయించండి. ఈ రెండూ జబ్బులే కావు, వీటి పేరు చెప్పి ధర తగ్గించమంటే నవ్వుతారు.

క్యారేజి దడదడలాడినా, చివరకు పోయి గోడకు గుద్దుకున్నా ఎన్‌కోడర్ స్ట్రిప్ (క్యారేజి ఎక్కడుందో మెషీన్‌కి చెప్పే సన్న గీతల పట్టీ) చూడండి. మన ఊళ్లో సముద్రపు గాలి, ఇంకు ఆవిరి కలిసి దాని మీద జిగటగా పేరుకుంటాయి. నీళ్లలో ముంచి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో ఒకే దిశలో తుడవండి. థిన్నరు, సాల్వెంటు తగిలితే దానిమీది సన్న గీతలే లేచిపోతాయి.

తుడిచాక కూడా కుదుపుంటే రైలు సంగతి. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వైపు ఏసీ లేని గదిలో నెలల తరబడి మూలపడ్డ మెషీన్‌కి ఇది పెద్ద గండం. రైలు మీద గోరు నడిపించండి. తుప్పు మరక మాత్రమే అయితే తుడిచి పలచగా నూనె రాస్తే సరి. గోరు గుంటలో పడితే బేరింగు కూడా పోయి ఉంటుంది, దానికి చవకైన మందు లేదు. అడుగు బోర్డుల దగ్గర స్క్రూలు కూడా చూడండి. తెల్లటి ఉప్పు పేరుకుని ఉంటే మెషీన్ నీళ్లు తాగిందేమో అడగాల్సిందే.

ప్రింటు ఆరట్లేదు, కట్ చేశాక అంచులు లేస్తున్నాయి

చాలాసార్లు మెషీన్ తప్పు కాదు. వానాకాలం తేమలో హీటర్లు 40-45 డిగ్రీల దగ్గర ఉండాలి. ప్రింటు అయ్యాక రోలుని వదులుగా చుట్టి నిలబెట్టి 24 గంటలు వదలాలి. సాల్వెంటు లోపల ఉండగా లామినేషన్ వేస్తే జిగురు మెత్తబడి అంచులు ముడుచుకుంటాయి. చూడ్డానికి వెళ్లినప్పుడు హీటర్లు మూడూ వేడెక్కుతున్నాయో లేదో చేత్తో తాకి చూస్తే చాలు.

ఇక కట్టర్

కట్టర్లో ఖరీదైన జబ్బు ఒక్కటే: పొడుగు కటింగ్‌లో మీడియా పక్కకి పోవడం. మీ వినైల్‌ని ముందుగానే వదులుగా దింపి, 3 మీటర్లు ముందుకీ వెనక్కీ మూడుసార్లు నడిపించి, మొదలుపెట్టిన చుక్క దగ్గరకే బ్లేడు తిరిగి వస్తోందో చూడండి. అర మిల్లీమీటరు దాటి తేడా ఉంటే పించ్ రోలర్లు (మీడియాని పైనుంచి నొక్కే చక్రాలు) అరిగి ఉంటాయి, లేదా గ్రిట్ రోలర్లో జిగురు నిండి ఉంటుంది. నైలాన్ బ్రష్‌తో గ్రిట్ శుభ్రం చేసి మళ్లీ నడిపించండి. గ్రిట్ తుప్పుపట్టి నున్నగా అయిపోయి ఉంటే వదిలేయండి. తర్వాత 500 మి.మీ. చదరం కోయించి మూలమూలకీ కొలవండి, రెండూ 707 రావాలి.

మిగతావి చిన్నవి. అక్షరం మొదలూ చివరా కలవకపోతే, మూలలు గుండ్రంగా వస్తే బ్లేడు ఆఫ్‌సెట్, అంటే మొన మధ్య నుంచి ఎంత పక్కకుందన్న లెక్క, తప్పు (మామూలు 45 డిగ్రీల బ్లేడుకి 0.25 మి.మీ.), లేదా హోల్డర్ లోపల వినైల్ పీచు ఇరుక్కుంది. వెడల్పులో ఒకే చోట లోతు మారుతుంటే స్ట్రిప్‌కి గాడి పడింది, కొత్తది అంటించండి. కింది కాగితం తెగుతుంటే బ్లేడు ఎక్కువ బయటికి ఉంది. హోల్డర్ని చేత్తో పట్టుకుని ముక్క మీద గీస్తే వినైల్ తెగి, కాగితం మీద లీలగా గీత పడాలి. బళ్ల మీద వేసే మందపాటి రేడియం షీటుకి 60 డిగ్రీల బ్లేడు, రెండు పాసులు. మధ్యలో పిచ్చి గీతలు గీసి ఆగిపోతే కేబుల్ మార్చి చూడండి. పాత సీరియల్ కేబుల్ మోడలైతే పోర్టు నంబరు, 9600 స్పీడు రెండు వైపులా ఒకటేనా చూడండి.

ప్రింటుకీ కంటూర్ కటింగ్‌కీ (బొమ్మ అంచు వెంట కోయడం) తేడా వస్తే ఆ తేడా తీరు గమనించండి. షీటంతా ఒకే దూరం జరిగితే సెన్సర్ కాలిబ్రేషన్ చాలు. పోనుపోనూ పెరుగుతుంటే పైన చెప్పిన ట్రాకింగ్ జబ్బే. కట్టర్ సెన్సర్ చదవాల్సిన ప్రింటు మార్కునే పట్టుకోకపోతే మెరిసే లామినేషన్ వెలుగు చిందిస్తోందేమో చూడండి. మార్కు మీద మాట్ టేపు ముక్క అంటిస్తే తెలిసిపోతుంది.

తెలుగు అక్షరాల లోపల గీతలు కోస్తోంది

దీనికి మెషీన్‌ని తిట్టి లాభం లేదు. అను ఫాంట్లలో గుడి, కొమ్ము, ఒత్తు విడి ముక్కలుగా అక్షరం మీద ఎక్కి కూర్చుంటాయి, కట్టర్ ప్రతి ముక్క అంచునీ కోసేస్తుంది. కోరెల్‌డ్రాలో టెక్స్టుగా ఉండగానే కంట్రోల్-కె తో విడి అక్షరాలు చేసి, తర్వాత కంట్రోల్-క్యూ తో కర్వులుగా మార్చి, అన్నీ ఎంచుకుని వెల్డ్ (ముక్కల్ని ఒకే ఆకారంగా కలపడం) చేయండి. ముందు కర్వులు చేసి తర్వాత విడగొడితే 'ర' లాంటి అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. వైర్‌ఫ్రేమ్ వ్యూలో (అంచు గీతలే కనిపించే చూపు) గీత మీద గీత కనబడకపోతే కటింగ్‌కి పంపొచ్చు.

డబ్బు చేతులు మారేముందు

రిప్ సాఫ్ట్‌వేర్ (ఫైలుని ప్రింటరుకి అర్థమయ్యేలా మార్చి పంపేది) డాంగిల్, అంటే దాన్ని తెరిచే యూఎస్‌బీ తాళం, మెషీన్‌తో పాటు మీ చేతికి రావాలి, మీ ల్యాప్‌టాప్‌లో అక్కడే ఒక ప్రింటు కొట్టి చూడాలి. డాంగిల్ "తర్వాత పంపిస్తాం" అంటే డబ్బులు కూడా తర్వాతే. ఫ్లెక్సీ ఒక్కటే కొట్టే సాల్వెంట్ మెషీన్ చవగ్గా వస్తోందని ఎగబడకండి. వాసన చిన్న గదిలో భరించలేం, పైగా ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటన 2022 ఆగస్టు 26న వచ్చింది ఈ ఊళ్లోనే.

తరలింపుకి టాటా ఏస్ మాట్లాడకండి. దాని తొట్టి 7 అడుగుల పైచిలుకు, 6 అడుగుల ప్రింటరు స్టాండుతో అంతకంటే పొడుగు. పెద్ద బండి తీసుకుని, హెడ్‌ని క్యాప్ మీద పార్క్ చేసి, క్యారేజిని టేపుతో కదలకుండా బిగించి, ఇంకు ట్యూబులకి క్లాంపులు వేసి, మెషీన్‌ని పడుకోబెట్టకుండా ఎక్కించండి. దించిన రోజే లెవెల్ చూసి, ఎర్త్ కొలిచి, అప్పుడు ప్లగ్గు పెట్టండి. మొదట కొట్టాల్సింది నాజిల్ చెక్. బేరం రోజు కాగితంతో పక్కన పెట్టి చూసుకోవడానికి ఆ కాగితాన్ని దాచి ఉంచండి.