కరెంటు పోయినా నిలబడాలి: మొదటిసారి ఫెస్టివల్ స్టేజీ ఎక్కే బ్యాండుకి

మా నాన్నది తెనాలిలో మైక్ సెట్ షాపు. రెండు ఆహూజా యాంప్లిఫయర్లు, నాలుగు గొట్టాలు, ఒక రిక్షా బండి. శ్రీరామనవమి పందిళ్లకీ పెళ్లిళ్లకీ ఆర్కెస్ట్రాలకీ వెళ్లేవాళ్లం. నేనిప్పుడు హైదరాబాద్‌లో ఉంటూ మ్యూజిక్ ఫెస్టివల్స్‌లో మానిటర్ ఇంజనీర్‌గా చేస్తున్నా. జనానికి వినపడే సౌండ్ నాది కాదు. స్టేజీ మీద వాయించేవాళ్లకి వాళ్ల పాట వినపడేలా చూడటం నా పని. పక్కన నల్లగుడ్డ వెనకాల కూర్చుంటా కాబట్టి నేనెవరికీ కనపడను. నాకు మాత్రం అన్నీ కనపడతాయి. ఎక్కే ముందు చేతులు వణకడం, దిగాక ఒకరినొకరు తిట్టుకోవడం, అన్నీ.

ఈమధ్య ఇండీ బ్యాండ్ల పిల్లలు, ముఖ్యంగా పంక్ (వేగంగా, గరుగ్గా, తిరగబడుతున్నట్టుండే రాక్) వాయించేవాళ్లు, "అన్నా, ఫెస్టివల్‌లో 40 నిమిషాల స్లాట్ వచ్చింది, ఏం చెయ్యాలి?" అని అడుగుతున్నారు. ప్రతి ఒక్కరికీ ఫోన్లో చెప్పలేక రాస్తున్నా. ముందు ఒక గొడవ తేల్చేస్తా. "మేం పంక్ అన్నా, రిహార్సల్ ఎక్కువైతే ఫీల్ పోద్ది" అనేవాళ్లున్నారు. అమెరికా పంక్ బ్యాండ్ రామోన్స్ మొదటి ఆల్బమ్ 1976లో వచ్చింది. 14 పాటలు, అన్నీ కలిపి అరగంట లోపే. స్టేజీ మీద ఒక పాట ముగిసీ ముగియకముందే "వన్ టూ త్రీ ఫోర్" అని తర్వాతది ఎత్తుకునేవాళ్లు. సాధన లేకుండా వస్తుందా అది? గిటార్ మీద మూడు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) వస్తే చాలన్నారు గానీ, ఆ మూడూ రాకపోయినా పర్లేదని ఎవరూ అనలేదు.

40 అంటే 33

స్లాట్ 40 నిమిషాలైతే 33 నిమిషాలకి సరిపడా పాటలు పెట్టుకోండి. మిగతా ఏడూ ట్యూనింగ్‌కీ, మంచినీళ్లకీ, మీ సింగర్ ఉపన్యాసానికీ పోతాయి. గదిలో గడియారం పెట్టి, మాటలతో సహా మొత్తం సెట్ వాయించి చూసుకోండి. పాటల నిడివి కాగితం మీద కూడితే లెక్క ఎప్పుడూ తప్పే వస్తుంది.

పాటల వరస వేసేటప్పుడు ట్యూనింగ్ చూసుకోండి. డ్రాప్ డీలో (గిటార్ లావు తీగని కిందికి దించే ట్యూనింగ్‌లో) ఉన్న పాటలన్నీ ఒకచోట. లేకపోతే రెండు నిమిషాల పాటకి ఒకటిన్నర నిమిషం ట్యూనింగ్ అవుతుంది. జనం టీ స్టాల్ వైపు నడుస్తారు.

వరసలో రెండు పాటల పక్కన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. టైమ్ తగ్గితే ఎగిరిపోయేవి అవే. టైమ్ తగ్గుతుంది, రాసిపెట్టుకోండి. మీ ముందు వాయించే బ్యాండ్ పావుగంట ఎక్కువ తీసుకుంటుంది, స్టేజీ మేనేజర్ వచ్చి మీకు పాతికే అంటాడు. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఏడాదిలో కొన్ని రోజులకి రాష్ట్ర ప్రభుత్వాలు 12 దాకా సడలిస్తాయి గానీ, ఆ భాగ్యం మీ స్లాట్‌కి పడుతుందని లెక్కేసుకోకండి. చివరి పాట మధ్యలో ఫేడర్లు (సౌండ్ తగ్గించే మీటలు) కిందికి లాగాల్సి రావడం నాకూ బాధే. గీతలు పెట్టుకున్న బ్యాండ్ కళ్లతోనే సైగ చేసుకుని, రెండు పాటలు వదిలేసి, అసలు పాటతో ముగిస్తుంది. పెట్టుకోని బ్యాండ్ స్టేజీ మీదే మీటింగ్ పెడుతుంది.

ఒక్క కాగితం

మీకంటే ముందు మీ కాగితం రావాలి. దాన్ని స్టేజీ ప్లాట్ అంటాం. ఎవరు ఎక్కడ నిలబడతారో పైనుంచి చూసినట్టు గీసిన బొమ్మ, దానికింద మిక్సర్‌లో ఏ చానల్‌కి ఏ మైకో, ఏ వాయిద్యమో వరస. గిటార్, బేస్, డ్రమ్స్, రెండు గొంతులున్న మామూలు బ్యాండుకి ఇలా ఉంటుంది: డ్రమ్స్‌లో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (గరగరలాడే చిన్న డ్రమ్), రెండు టామ్స్, పైనుంచి సింబల్స్‌కి పెట్టే రెండు ఓవర్‌హెడ్ మైకులు, డీఐ పెట్టెలోంచి (వాయిద్యాన్ని నేరుగా మిక్సర్‌కి కలిపే పెట్టె) బేస్, గిటార్ యాంప్ ముందు ఒక మైక్, రెండు గొంతులు. మొత్తం పది. కుడి ఎడమలు జనం వైపు తిరిగి నిలబడ్డ మీవి, చూసేవాళ్లవి కావు. డ్రమ్మర్‌ది ఎడమచేతి వాటమైతే పెద్ద అక్షరాలతో రాయండి. అది చెప్పకపోతే పది నిమిషాలు కిట్ తిప్పడానికే సరి.

బ్యాండ్లో డప్పు ఉంటే ఇంకో మాట. తేమకి తోలు వదులైపోతుందని డప్పు కళాకారులకి ఎవరూ చెప్పక్కర్లేదు, మంట వేసి కాచుకుంటారు. కానీ ఫెస్టివల్ స్టేజీ వెనకాల మంట వేయనివ్వరు. చుట్టూ గుడ్డలు, కేబుళ్లు, జనరేటర్. ఎక్కడ కాచుకోవచ్చో ఫెస్టివల్ వాళ్లని ముందే అడగండి. ప్లాస్టిక్ తొడుగు డప్పు తెచ్చుకుంటే ఈ బాధ లేదు గానీ, ఆ మోత నాకు నచ్చదు. ఇది నా పిచ్చి అనుకోండి. ఇంకోటి, డప్పు అతను ఆడుతూ కొడతాడు, స్టాండ్ మీద పెట్టిన మైక్ అక్కడే నిలబడిపోతుంది. ఎక్కడ నిలబడి గట్టిగా కొడతాడో ఆ చోట టేపుతో గుర్తు పెట్టండి.

సంచిలోకి: ఫెస్టివల్ వాళ్లు డ్రమ్ కిట్ ఇస్తారు, కానీ స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ మీవే తెచ్చుకోవాలి. డ్రమ్స్ జారకుండా కింద వేసుకోవడానికి పాత కార్పెట్ ముక్క. తీగల సెట్లు రెండు. ప్రతి కేబుల్‌కీ జత. గాఫర్ టేప్ (గుడ్డతో చేసిన గట్టి టేపు). గిటార్ పెడళ్ల పవర్ సప్లయ్, దానికో ఎక్స్‌టెన్షన్ బాక్స్. ట్యూనర్ ఫోన్లో యాప్ కాదు, పెడల్. జనం అరుస్తుంటే ఫోన్ మైక్‌కి మీ గిటార్ ఎక్కడ వినపడుతుంది?

సౌండ్ చెక్ ఉండదు

పెద్ద బ్యాండ్లకి పొద్దున సౌండ్ చెక్ ఉంటుంది. మీకుండేది లైన్ చెక్. బ్యాండ్ మారే ఆ పదిహేను ఇరవై నిమిషాల్లో ప్రతి వైరూ పనిచేస్తోందా లేదా చూడటం, అంతే. "కిక్" అంటే కిక్ ఒక్కటే కొట్టండి. అప్పుడు గిటారిస్ట్ సోలో ప్రాక్టీస్ చేస్తుంటే నాకు చంపాలనిపిస్తుంది. తర్వాత ఒక పాటలో అన్నిటికంటే గోలగా ఉండే ముప్ఫై సెకన్లు అందరూ కలిసి వాయించండి. నెమ్మదైన పాట వాయించి "బాగుంది" అని, మొదటి పాట ఎత్తుకోగానే "గొంతు వినపడట్లేదు" అంటే లాభం లేదు.

నన్ను అడిగేటప్పుడు ఒకసారికి ఒక్కటే. "నా గొంతు నాకు కావాలి", అంతే. పాట నడుస్తుంటే నా వైపు చూసి, ఏది కావాలో దాన్ని వేలితో చూపించి, బొటనవేలు పైకో కిందికో. అన్నీ పెంచమంటే ఏదీ పెంచనట్టే.

గిటార్ యాంప్‌ని నేలమీద పెట్టి, వినపడట్లేదని సౌండ్ పెంచుకుంటూ పోతారు. ఆ మోతంతా మీ మోకాళ్ల మధ్య నుంచి పోయి మొదటి వరసలో వాడి చెవులు చిల్లులు పొడుస్తుంది, మీకు మాత్రం ఇంకా వినపడదు. యాంప్‌ని కుర్చీ మీద పెట్టండి, లేదా వెనక్కి వాల్చి మొహానికి తిప్పుకోండి. సగం సౌండ్‌కే సరిపోతుంది.

ఇక మైక్ తలకాయని గుప్పిట్లో పట్టుకోవడం. ఫొటోల్లో బాగుంటుందని తెలుసు. ఆ జాలీ వెనక గాలి ఆడే సందులుంటాయి. ముందు నుంచి వచ్చే గొంతుని ఎక్కువగా, వెనక నుంచి వచ్చే మోతని తక్కువగా తీసుకోవడం వాటి వల్లే. వాటిని మూసేశారంటే మైక్ అన్ని వైపుల నుంచీ లాక్కుంటుంది, మీ కాళ్ల దగ్గరున్న మానిటర్ స్పీకర్‌తో సహా. వెంటనే కూత మొదలు. మా నాన్న పెళ్లి పురోహితుల చేతుల మీద కూడా ఇదే విషయమై కొట్టినంత పని చేసేవాడు.

ట్రాక్ పెట్టాలా వద్దా

అందరూ అడిగేది ఇదే. కీబోర్డు, కోరస్ ముందే రికార్డు చేసి ల్యాప్‌టాప్‌లోంచి వదిలితే (దాన్నే ట్రాక్ అంటాం) మోసమా?

నాకు పదేళ్లప్పుడు ఒక నవమి పందిట్లో ఆర్కెస్ట్రా పాడుతుంటే కరెంటు పోయింది. కీబోర్డు చచ్చింది, గొట్టాలు చచ్చాయి. డోలక్ అతను మాత్రం చెయ్యి ఆపలేదు. పాడే ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని స్టేజీ అంచు దాకా వచ్చి, మైక్ లేకుండానే చరణం అందుకుంది. నాన్న వెళ్లి జనరేటర్ తాడు నాలుగుసార్లు లాగి స్టార్ట్ చేసేదాకా పాట ఆగలేదు. తర్వాత కొన్నేళ్లకి అదే ఊళ్లో వేరే పార్టీ వచ్చింది, క్యాసెట్ ట్రాక్ మీద పాడేవాళ్లు. మళ్లీ కరెంటు పోయింది. నలుగురు సింగర్లు చీకట్లో చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ల గొంతులేం తక్కువ కాదు. పాట వాళ్ల దగ్గర లేదు, టేపులో ఉంది.

అందుకే నా పరీక్ష ఇది: ఫెస్టివల్‌కి వారం ముందు రిహార్సల్ గదిలో మెయిన్ ఆపేసి మొత్తం సెట్ వాయించండి. గిటార్ ప్లగ్ లేకుండా, డ్రమ్మర్ తొడల మీద కొట్టినా సరే, సింగర్ ఉత్త గొంతుతో. నిలబడ్డ పాటకి ట్రాక్ పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. నిలబడని పాటని పక్కన పెట్టండి.

1989లో అమెరికాలో మిల్లీ వనిల్లీ అనే ఇద్దరు పాప్ సింగర్ల షోలో రికార్డింగ్ ఇరుక్కుని ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిరిగింది. పాడినట్టు పెదాలాడిస్తున్న మనిషి స్టేజీ దిగి పరిగెత్తాడు. ఆ రికార్డుల మీద గొంతులు అసలు వాళ్లవే కావని మరుసటేడు బయటపడి, గ్రామీ అవార్డు వెనక్కి తీసుకున్నారు. దాని పక్కనే 2014 సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) మధ్యలో జరిగిన షో చూడండి. రాక్ బ్యాండ్ రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ వాయిద్యాలు ముందే రికార్డు చేసినవి, గొంతు మాత్రం అక్కడికక్కడ పాడింది. గిటార్లకి కేబుల్ కూడా పెట్టుకోలేదు, అది టీవీలో అందరికీ కనపడింది. బేసిస్ట్ ఫ్లీ తర్వాత తనే రాసి ఒప్పుకున్నాడు. రెండిట్లోనూ రికార్డింగే ఉంది, కానీ పెప్పర్స్ వాళ్లు దాచలేదు, వాయించలేని మనుషులూ కారు. ట్రాక్ పెట్టుకునేవాళ్లు పెట్టుకున్నామని చెప్పుకునే ధైర్యంతో ఉంటే నాకు చాలు.

తెలుగులో అరవడం

ఇంగ్లీషులో రాసుకుంటేనే పంక్ అనుకునే రోజులు పోయాయి. కేరళ బ్యాండ్ అవియల్ 2008లోనే మలయాళంలో రాక్ ఆల్బమ్ దించారు. మన దగ్గర చౌరస్తా బ్యాండ్ తెలుగులో పాడుతోంది. చిక్కల్లా ఒకటే. ఇంగ్లీషు పంక్ లైను చివర్లో హల్లు మీద టక్కున తెగుతుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషు ట్యూన్‌లో తెలుగు మాటలు కుక్కితే ప్రతి లైనూ కాస్త సాగినట్టుంటుంది. విరుపు లైను చివర వెతక్కండి, మొదట్లో పెట్టండి. ఒత్తులున్న మాటలు తెచ్చుకోండి. "దద్దరిల్లు", "కొట్టుకుపోయిన", "గుక్కతిప్పుకోని" లాంటివి డ్రమ్‌తో కలిసి నడుస్తాయి. చివరి దీర్ఘం జనానికి వదిలేయండి, వాళ్లు అందుకుంటారు.

పాటల మధ్య కూడా మీరు ఇంట్లో మాట్లాడే తెలుగే మాట్లాడండి. "హైదరాబాద్, ఆర్ యూ రెడీ" అని ఆ రోజు అప్పటికే ఆరు బ్యాండ్లు అడిగేసి ఉంటాయి.

తెగినప్పుడు

మూడేళ్ల కిందట ఒక ఫెస్టివల్‌లో మధ్యాహ్నం మూడింటికి ఒక కుర్రబ్యాండ్ ఎక్కింది. ఎండలో మహా అయితే అరవైమంది. రెండో పాటలో గిటార్ తీగ తెగింది, ఇంకో గిటార్ లేదు. ఆ పిల్లాడు బిక్కమొహం వేశాడు. బేస్ వాయించే అమ్మాయి అతని వైపు చూడనేలేదు. అదే రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) బేస్ మీద ఎత్తుకుంది, డ్రమ్మర్ స్నేర్ తీసేసి కిక్ ఒక్కటే ఉంచాడు, సింగర్ కిందికి దూకి జనంతో పల్లవి అనిపించాడు. నేను బేస్‌ని అందరి మానిటర్లలోకీ తోశా. రెండున్నర నిమిషాల్లో తీగ మార్చుకుని గిటార్ లోపలికొచ్చినప్పుడు ఆ అరవైమందీ పెట్టిన కేక రాత్రి పెద్ద బ్యాండుకి కూడా రాలేదు. దిగాక అడిగితే, మెయిన్ ఆపేసి ప్రాక్టీస్ చెయ్యడం వాళ్లకి అలవాటేనట. వాళ్ల గదికి రోజూ కరెంటు కోతే!

అదే సాయంత్రం ఇంకొకడు ఆవేశంగా మైక్ స్టాండ్ విసిరాడు. మైక్ సొట్టపడింది. అది ఫెస్టివల్ వాళ్లది కాదు, అద్దెకిచ్చినవాడిది. స్టేజీ మీద వైర్లు లాగే రోజుకూలీ కుర్రాడు దానికి జవాబు చెప్పుకోవాల్సొచ్చింది. పంక్ అంటే పైవాడి మీద తిరగబడటం కదా, ఆ కుర్రాడు ఎవరికి పైవాడు? వాషింగ్టన్ బ్యాండ్ ఫుగాజీ టికెట్ 5 డాలర్లకే ఉంచడానికి పట్టుబట్టేది. జనంలో ఎవడైనా పక్కవాళ్లని కొడుతుంటే పాట ఆపి, ఆ 5 డాలర్లు చేతిలో పెట్టి బయటికి పంపేవాళ్లు. స్టేజీ మీద వస్తువులు పగలగొట్టే వాళ్లకంటే వాళ్లే నాకు ఎక్కువ పంక్‌గా కనపడతారు.

చివరి పాట అవగానే స్టేజీ మీద సెల్ఫీలు వద్దు. మీ సింబల్స్, స్నేర్, పెడల్ తీసుకుని వెంటనే పక్కకి మోసుకెళ్లి అక్కడ సర్దుకోండి. తర్వాతి బ్యాండ్ టైమ్ అప్పటికే నడుస్తోంది. కేబుళ్లు మోచేతికి చుట్టకండి, లోపల రాగి మెలిపడి త్వరగా తెగుతుంది. ఒక చుట్ట పైనుంచి, ఒక చుట్ట కిందనుంచి వేసి, చివర టేపు ముక్క అంటించండి. మీది మీకే మళ్లీ దొరకాలంటే ఆ టేపు మీద బ్యాండ్ పేరు రాయండి. నా డబ్బాలో ఇప్పటికి పదకొండు పేరులేని కేబుళ్లున్నాయి. ఎవరివో వచ్చి తీసుకెళ్లండి.