ఫేమస్‌కు ముందు ‘ఇన్’ తగిలిస్తే ఏమవుతుంది

డిగ్రీ అయ్యాక మొదటి ఇంటర్వ్యూలో మా వైపు గుళ్ల గురించి చెప్పమన్నారు. "రామప్ప ఫేమస్ సార్, ఘనపురం కోటగుళ్లు ఇన్‌ఫేమస్" అన్నాను. అంత పేరు రాలేదని నా ఉద్దేశం. ఎదుటాయన నవ్వు ఆపుకోలేకపోయారు, ఎందుకంటే ఆ మాటకు అర్థం బద్‌నాం అయినది అని. పైగా నేను పలకడం కూడా తప్పే, సరైనది ‘ఇన్‌-ఫ-మస్’, నొక్కు మొదటి ముక్క (సిలబుల్) మీద. పాపం కోటగుళ్లు.

అప్పటినుంచి ఇలాంటి ఇంగ్లిష్ విశేషణం ఏది ఎదురైనా ముందు విప్పుతాను, తర్వాతే పలుకుతాను. అన్‌కంఫర్టబుల్ చూడండి. ముందున్న ‘అన్’ అంటే కాదు అని, మన అనారోగ్యంలో ఉన్న ‘అన్’కు అది దూరపు చుట్టమే. వెనక తోక ‘అబుల్’. రెండూ తీసేస్తే మిగిలేది కంఫర్ట్, దాని లోపల కూడా లాటిన్ ‘ఫోర్టిస్’, అంటే బలమైనది, దాక్కుని ఉంది. ఇప్పుడు కంఫర్ట్ ఒక్కటే పలకండి. నొక్కు ‘కమ్’ మీద పడుతుంది కదా, ముందూ వెనకా ఎన్ని తగిలించినా ఇక్కడ అది అక్కడే ఉంటుంది.

ముక్కలు లెక్కపెట్టడానికి గడ్డం కింద అరచెయ్యి పెట్టుకుని మెల్లగా పలకండి, గడ్డం ఎన్నిసార్లు దిగితే దాదాపు అన్ని ముక్కలు. మనం అన్-కమ్-ఫర్-ట-బుల్ అని ఐదూ సమానంగా తూకం వేసినట్టు పలుకుతాం, ఇంగ్లిష్ వాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడు అన్-కంఫ్-ట-బుల్ అని నాలుగుతో సరిపెడతారు. నొక్కడం అంటే అరవడం కాదు, ఆ ముక్క కాస్త పొడుగ్గా, తేటగా వస్తే చాలు, మిగతావి తేలిపోవాలి.

‘అన్’తో పెద్ద గొడవ లేదు: హ్యాపీలో నొక్కు ఎక్కడో అన్‌హ్యాపీలోనూ అక్కడే. తలనొప్పంతా ‘ఇన్’తోనే. అది పక్క అక్షరాన్ని బట్టి వేషం మారుస్తుంది, ఇంపాసిబుల్, ఇర్రెగ్యులర్, ఇల్లీగల్ అన్నీ దానివే (స్పెల్లింగ్‌లో రెండేసి ఉన్నా పలికేది ఒక్కటే, ఇరెగ్యులర్, ఇలీగల్). కొన్నిసార్లు నొక్కును కూడా తన మీదికి లాక్కుంటుంది. ఫేమస్ సంగతి చూశారుగా, ఫైనైట్ కూడా అంతే, ‘ఇన్’ చేరగానే ‘ఇన్‌ఫినిట్’ అవుతుంది.

కాబట్టి ‘ఇన్’ కనిపిస్తే ఊహించకండి, ఫోన్‌లో డిక్షనరీ తీయండి. ఉచ్చారణ గుర్తుల్లో పైన చిన్న నిలువు గీత ఉంటుంది. నొక్కాల్సింది ఆ గీత తర్వాతి ముక్కను, ముందుదాన్ని కాదు.