పార్కిన్సన్స్ వ్యాధిపై మైటోకాండ్రియా పరిశోధనను ఎలా చదవాలి

కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా దెబ్బతినడం వల్లనే పార్కిన్సన్స్ వ్యాధిలో నాడీకణాలు నశిస్తున్నాయని చెప్పే పరిశోధన పత్రం చేతికి వస్తే, చాలామంది సారాంశం చదివి, చివరి పేరాలోని ఆశాజనకమైన మాట చూసి పక్కన పెట్టేస్తారు. అలా కాకుండా ముందు పద్ధతుల విభాగం తెరిచి, ప్రయోగం ఏ కణాల్లో జరిగింది, మైటోకాండ్రియాను దేనితో దెబ్బతీశారు అనే రెండు సంగతులు చూడాలి. పత్రం రుజువు చేసింది ఎంత, ఊహించింది ఎంత అన్నది అక్కడే చాలావరకు తేలిపోతుంది.

అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థకు చెందిన రిచర్డ్ యూల్ బృందం 2008లో ప్రచురించిన పత్రం ఇందుకు మంచి ఉదాహరణ. పార్కిన్ జన్యువులో లోపముంటే చిన్న వయసులోనే పార్కిన్సన్స్ వ్యాధి వస్తుందని జపాన్ శాస్త్రవేత్తలు 1998లోనే కనుగొన్నారు గాని, ఆ జన్యువు తయారుచేసే పార్కిన్ ప్రోటీన్ కణంలో చేసే పని స్పష్టం కాలేదు. యూల్ బృందం పార్కిన్‌కు మెరిసే ప్రోటీన్ ఒకటి జతచేసి, దాన్ని ప్రయోగశాలలో పెంచే హీలా కణాల్లో ప్రవేశపెట్టి, సీసీసీపీ అనే రసాయనాన్ని కలిపింది. ఈ రసాయనం మైటోకాండ్రియా లోపలి పొరకు ఇరువైపులా ఉండే విద్యుత్ భేదాన్ని చెరిపేస్తుంది. అంతవరకు కణమంతా పల్చగా పరుచుకుని ఉన్న మెరుపు కొద్దిసేపట్లోనే మైటోకాండ్రియా మీదికి చేరి గుమికూడింది. రెండు రోజులు గడిచేసరికి చాలా కణాల్లో మైటోకాండ్రియా కనిపించకుండా పోయాయి. పాడైన మైటోకాండ్రియా పైపొర మీద పింక్1 అనే మరో ప్రోటీన్ పోగుపడి పార్కిన్‌ను పిలుస్తుందని 2010లో తేలింది.

ఇప్పుడు మన రెండు ప్రశ్నలు వేసుకుందాం. హీలా కణాలు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి వచ్చినవి. వాటిలో సొంత పార్కిన్ దాదాపు లేదు, ఉన్నదంతా బయటి నుంచి ఎక్కించినదే. సీసీసీపీ కణంలోని మైటోకాండ్రియా అన్నింటినీ ఒకేసారి కుప్పకూలుస్తుంది, వయసు మీదపడుతున్న మెదడులో అలా జరగదు. పైగా గ్లూకోజ్ దండిగా ఉన్న ద్రవంలో పెరిగే క్యాన్సర్ కణం మైటోకాండ్రియా లేకున్నా కొంతకాలం నెట్టుకురాగలదు, నాడీకణానికి ఆ వెసులుబాటు లేదు. అందుకే కణాలను గ్లూకోజ్‌లో పెంచారా, మైటోకాండ్రియా మీద ఆధారపడక తప్పని గెలాక్టోజ్‌లో పెంచారా అన్న చిన్న వివరాన్ని కూడా వదలకూడదు. ఇంత వడపోసినా యూల్ పత్రం విలువ తగ్గదు. పాడైన మైటోకాండ్రియాను ఏరివేసే యంత్రాంగం ఒకటి ఉందని అది చూపింది. ఆ యంత్రాంగం ఆగిపోవడం వల్లనే రోగి మెదడులో కణాలు చచ్చిపోతున్నాయన్నది ఆ ప్రయోగంతో తేలే విషయం కాదు.

తర్వాత జంతువుల ఫలితాలు చూడాలి. పార్కిన్ గాని పింక్1 గాని లేకుండా పుట్టించిన ఎలుకల్లో, పార్కిన్సన్స్‌లో నశించే డోపమిన్ నాడీకణాలు చెప్పుకోదగినంతగా నశించవు. పింక్1 లేకపోయినా ఎలుకల కణజాలాల్లో మైటోకాండ్రియా ఏరివేత మామూలుగానే సాగుతోందని 2018లో మరో బృందం చూపింది. ఇలాంటి ప్రతికూల ఫలితాలను ప్రస్తావించని సమీక్షా వ్యాసాన్ని నేనైతే కొంచెం అనుమానంగానే చదువుతాను.

కారణమా, పర్యవసానమా అన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. పార్కిన్సన్స్‌తో మరణించినవారి మెదడులో, సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగంలో, మైటోకాండ్రియా శ్వాసక్రియకు మొదటి మెట్టయిన కాంప్లెక్స్ 1 పనితీరు తగ్గిందని 1989లో గుర్తించారు. మరణానంతర కణజాలంలో కనిపించే ఈ లోపం వ్యాధికి ముందుదో వెనకదో చెప్పలేం. అది కారణం కావచ్చన్న వైపు 1982లో కాలిఫోర్నియాలో జరిగిన ఘటన వేలు చూపింది. ఎంపీటీపీ అనే రసాయనం కలిసిన కల్తీ మాదకద్రవ్యాన్ని ఇంజెక్షన్‌గా తీసుకున్న యువతీయువకులకు కొద్దిరోజుల్లోనే పార్కిన్సన్స్ లక్షణాలు వచ్చాయి. శరీరంలో ఎంపీటీపీ నుంచి తయారయ్యే విషం డోపమిన్ కణాల్లోకి చొరబడి సరిగ్గా ఆ కాంప్లెక్స్ 1నే అడ్డుకుంటుందని తర్వాత అర్థమైంది. అయితే ఒక్కసారిగా సోకిన విషానికీ, ఏళ్ల తరబడి సాగే వ్యాధికీ తేడా ఉందని మరువకూడదు.

చికిత్స గురించి రాసిన చోట మందును జంతువుకు ఎప్పుడు ఇచ్చారో వెతకాలి. మైటోకాండ్రియాకు తోడ్పడుతుందని ఆశించిన కోఎంజైమ్ క్యూ10ను 600 మంది రోగులపై రోజుకు 1200, 2400 మిల్లీగ్రాముల మోతాదుల్లో పరీక్షించగా ప్రయోజనం కనబడలేదని 2014లో వెల్లడైంది. రోగ నిర్ధారణ జరిగే నాటికే డోపమిన్ కణాల్లో పెద్ద భాగం పోయి ఉంటుంది. కనుక విషం ఎక్కించడానికి ముందే మందు ఇచ్చి ఎలుకలను కాపాడామని చెప్పే పత్రం, అప్పటికే వ్యాధి బయటపడిన మనిషికి ఆ మందు పనిచేస్తుందో లేదో చెప్పదు.