మూడో డిస్టార్షన్ పెడల్ కొనేముందు

సమస్య: గిటార్ సౌండుని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ని కాలితో నొక్కగానే కందిరీగల తుట్టె కదిపినట్టు జుయ్‌మంటోంది.

ఇంట్లో యాంప్ మీద బాగానే ఉండి, విజయనగరం సిరిమాను పండక్కి ఆర్కెస్ట్రా స్టేజీ ఎక్కాక ఇలా మోగితే పెడల్ తప్పు కాదు. గిటార్ యాంప్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు, కాబట్టి డిస్టార్షన్‌లోని గరుకు అక్కడే ఆగిపోతుంది. నేరుగా మిక్సర్‌కి కలిపితే సౌండ్ సెట్టు బాక్సుల్లోని హారన్ (సన్నని శబ్దాలు పలికే భాగం) ఆ గరుకంతా బయటికి కక్కేస్తుంది. పెడల్స్ వరసలో చివర్న క్యాబ్ సిమ్యులేటర్ (సౌండుని గిటార్ యాంప్ స్పీకర్‌లోంచి వచ్చినట్టు మార్చే పెట్టె) పెట్టండి. మల్టీ ఎఫెక్ట్స్ (చాలా పెడల్స్ పని ఒక్కటే చేసే పెట్టె) ఉంటే అందులోని క్యాబ్ ఆన్ చేస్తే చాలు. రెండూ లేకపోతే పెడల్ మీద గెయిన్ (గరుకు ఎంతో తేల్చే నాబ్) సగానికి, టోన్ నాబ్ గడియారంలో 9 దగ్గరికి దించి, మిక్సర్‌లో హై (సన్నని శబ్దాలు) బాగా తగ్గించండి. జాతర స్టేజీలే ఎక్కువైతే మూడో డిస్టార్షన్ డబ్బులు క్యాబ్ సిమ్యులేటర్ మీద పెట్టడం మేలు.

సమస్య: సోలో వినబడదు.

బాస్ కంపెనీ డీఎస్-1 లాంటి డిస్టార్షన్ పెడల్ మిడ్‌ని (మధ్యస్థాయి శబ్దాలని) తొలిచేస్తుంది. గదిలో గంభీరంగా ఉంటుంది, కీబోర్డు, ప్యాడ్ల మధ్య మునిగిపోతుంది. ట్యూబ్ స్క్రీమర్ రకం ఓవర్‌డ్రైవ్ (కాస్త మెత్తని గరుకునిచ్చే పెడల్) బేస్ తగ్గించి 720 హెర్ట్జ్ చుట్టుపక్కల మిడ్‌ని ముందుకు తోస్తుంది, అందుకే తేలి వినిపిస్తుంది. బూస్ట్ (సౌండు పెంచే) పెడల్ ఉంటే దాన్ని డిస్టార్షన్ తర్వాత పెట్టండి. ముందు పెడితే గరుకు పెరుగుతుందే తప్ప సౌండు పెద్దగా పెరగదు.

సమస్య: వాయించకపోయినా గుయ్‌మంటోంది, లేదా సన్నగా కీచుమంటోంది.

కీచుమంటే చాలాసార్లు కారణం డిజిటల్ డిలే (ప్రతిధ్వని తెచ్చే పెడల్), డిస్టార్షన్ ఒకే అడాప్టర్ మీద ఉండడం. డిస్టార్షన్‌కి 9 వోల్టుల బ్యాటరీ పెట్టి దాని అడాప్టర్ వైరు పీకి చూడండి. కీచు పోతే ఐసోలేటెడ్ పవర్ సప్లై (ఒక్కో పెడల్‌కి విడిగా కరెంటు ఇచ్చేది) కావాలన్నమాట. మామూలు ఓవర్‌డ్రైవ్‌కి 10-20 మిల్లీయాంప్‌లు చాలు, డిజిటల్ వాటిలో కొన్నింటికి 300 కూడా కావాలి. అన్నీ కూడి, సప్లై అంతకంటే ఎక్కువ ఇచ్చేది తీసుకోండి. చేతికందింది కదా అని కీబోర్డు అడాప్టర్ గుచ్చొద్దు. పెడల్‌కి మధ్య పిన్ నెగటివ్, కీబోర్డు అడాప్టర్లు చాలావాటికి పాజిటివ్.

మిక్సర్‌కి కలిపినప్పుడే గుయ్‌మంటే డీఐ బాక్స్ (గిటార్‌ని మిక్సర్‌కి సరిగ్గా కలిపే పెట్టె) పెట్టి దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. యాంప్ ప్లగ్‌కున్న ఎర్త్ పిన్ మాత్రం ఎవరు చెప్పినా పీకొద్దు, ప్రాణాంతకం.

సమస్య: వైరు కదిలిస్తే కరకర.

కళింగపట్నం వైపు ఉప్పుగాలికి జాక్‌లు చిలుం పడతాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ప్లగ్ పదిసార్లు పెట్టి తీయండి. గరుకు కాగితంతో రుద్దితే పూత లేచిపోయి, వచ్చే వానాకాలానికి ఇంకా ఎక్కువ పడుతుంది.