టెస్టులకే టెస్టు – 4వ భాగం: కోడ్ ఇవ్వకుండా స్కోరు నమ్మించడం

పోయిన భాగంలో మ్యూటేషన్ టెస్టింగ్ నేర్చుకున్నాం: కోడ్‌లో కావాలని చిన్న తప్పు పెట్టి, టెస్టులు పట్టుకుంటాయో లేదో చూడటం. బిల్లు >= 1000 అయితే డిస్కౌంటు అనుకోండి. 500తో ఒక టెస్టు, 1500తో ఒకటి రాశారు. కవరేజీ (టెస్టులు నడిపిన కోడ్ వాటా) నూటికి నూరు. ఇప్పుడు >= తీసేసి > పెట్టండి, రెండూ పాసే! సరిగ్గా 1000తో మూడో టెస్టు రాస్తేనే ఆ మ్యూటెంట్ (తప్పు పెట్టిన కోడ్) చస్తుంది, అంటే టెస్టుకు దొరుకుతుంది.

ఇక ఈ వారం చిక్కు. మీ టీమ్ బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో, క్లయింట్ ఎలక్ట్రానిక్ సిటీలో. ధర కట్టే సూత్రం మీ రహస్యం, క్లయింటుకు చూపలేరు. అయినా మీ మ్యూటేషన్ స్కోరు (పెట్టిన తప్పుల్లో టెస్టులు పట్టుకున్న శాతం) నిజమని నమ్మించాలి. 2024లో లా కమిషన్ 289వ నివేదికలో వ్యాపార రహస్యాలకు విడిగా చట్టం కావాలని సిఫార్సు చేసిందంటేనే, మనం ఇన్నాళ్ళూ ఎన్డీఏ (రహస్యం బయటపెట్టమన్న ఒప్పందం) కాగితం మీదే బతుకుతున్నామని అర్థం.

ముందుగా సోర్సునీ టెస్టుల్నీ ఒక జిప్‌గా కట్టి, షా-256 హాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటిది) తీసి, ఆ 64 అక్షరాలు క్లయింటుకు మెయిల్ చేయండి. తర్వాత కోడ్ మార్చితే దొరికిపోతారు. ఆ జిప్‌నే దాచండి. మళ్ళీ కడితే ఫైళ్ళ తేదీలు మారి హాష్ కూడా మారవచ్చు, అనవసరంగా అనుమానం.

తర్వాత జావాకైతే పిట్ (మ్యూటేషన్ టెస్టింగ్ చేసే పనిముట్టు) నడపండి. ఇక్కడే చాలామంది కాలు జారతారు. అది మామూలుగా ఇచ్చే హెచ్‌టీఎంఎల్ రిపోర్టులో మీ సోర్సు వరసలు అచ్చంగా కనిపిస్తాయి! అది అటాచ్ చేస్తే రహస్యం చేతికిచ్చినట్టే. ఎక్స్‌ఎంఎల్ అడగండి. అందులోనూ క్లాసు, మెథడ్, టెస్టుల పేర్లుంటాయి, కనుక వాటిని మార్చాలి. ఉత్త హాష్ చాలదు: పేర్లు ఊహించి, హాష్ చేసి పోల్చితే బయటపడతాయి. రహస్య కీతో హెచ్‌మ్యాక్ (కీ కలిపి చేసే హాష్) వాడండి. కీ మీ దగ్గరే.

ఇప్పుడు పేర్లు మార్చిన ఆ ఫలితాల పట్టిక పంపండి. క్లయింటు అది అందాకే "చచ్చింది" అన్న వరసల్లోంచి లాటరీగా 30 ఎంచాలి. ముందే తెలిస్తే ఆ 30నే తీర్చిదిద్దవచ్చు కదా. ఎన్డీఏ సంతకం చేసిన వాళ్ళ ఇంజనీరు ఒకరు మీ ఆఫీసుకొచ్చి, ఫోను బయట పెట్టి, ముందుగా హాష్ సరిచూసి, మీ మెషీన్‌లో ఆ 30 మళ్ళీ నడపడం చూస్తారు. పదింటికొకటి అబద్ధమైతే, 30లో ఒక్కటీ తగలకుండా తప్పించుకునే అవకాశం 0.9కి 30వ ఘాతం, దాదాపు 4 శాతం. నూటికి రెండే అబద్ధాలైతే మాత్రం తప్పించుకునే అవకాశం 55 శాతం. దాన్ని 5 శాతానికి దించాలంటే 150 వరసలు కావాలి.

నిజమైన మోసం మ్యూటెంట్లలో కాదు, సెట్టింగుల్లో ఉంటుంది. బలహీనమైన ప్యాకేజీని మినహాయింపు జాబితాలో పెడితే స్కోరు దానంతటదే పెరుగుతుంది. అందుకే ఆ జాబితా మాత్రం పేర్లు మార్చకుండా, ప్రతిదానికీ కారణంతో ఒప్పందంలోనే రాయించుకోవాలి. బతికినవాటిని "సమానార్థక మ్యూటెంట్లు" (కోడ్ మారినా ఫలితం మారనివి) అని తీసేయడం రెండో దారి. ఒక్కొక్కటీ ఎందుకు చావదో రెండు మాటల్లో రాయించండి.

అభ్యాసం: మీ ప్రాజెక్టులోని ఒక చిన్న ప్యాకేజీపై పిట్ నడిపి, ఎక్స్‌ఎంఎల్‌లో రహస్యం బయటపెట్టే పదాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 5వ భాగంలో వాటిని హెచ్‌మ్యాక్‌తో మార్చే చిన్న స్క్రిప్టు రాద్దాం.