ఫ్రాన్స్‌లో పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగానికి) అప్లై చేసే ముందు

• ప్రకటనను అసలు చోటే చూడండి: సీఎన్ఆర్ఎస్ (ఫ్రాన్స్ జాతీయ పరిశోధన సంస్థ) పోర్టల్, ఇన్రియా (అక్కడి కంప్యూటర్ పరిశోధన సంస్థ), యూరాక్సెస్ (యూరప్ పరిశోధన ఉద్యోగాల సైట్). ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే అది మోసమే.

• జీతం ‘బ్రూట్’ అని ఉంటే కోతలకు ముందు లెక్క. సుమారు ఐదో వంతు సామాజిక భద్రతకే పోతుంది, ఆపైన పన్ను. చేతికెంత వస్తుందో మొహమాటపడకుండా అడగండి.

• ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇది. కొన్ని ల్యాబులు ‘జెడ్ఆర్ఆర్’ అనే రక్షిత జోన్‌లో ఉంటాయి. ప్రొఫెసర్ ఓకే అన్నా భద్రతా అనుమతి రానిదే లోపలికి రానివ్వరు. రెండు నెలలు పట్టొచ్చు, కాదనొచ్చు కూడా. హోస్టింగ్ అగ్రిమెంట్ (మిమ్మల్ని పరిశోధనకు తీసుకుంటున్నట్టు సంస్థ ఇచ్చే పత్రం), దాంతో పరిశోధకుల టాలెంట్ వీసా ఆ తర్వాతి మాట. ‘మీ ల్యాబ్ జెడ్ఆర్ఆరా?’ అని ఇంటర్వ్యూలోనే అడిగేయండి. అనుమతి, వీసా చేతికొచ్చేదాకా ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా, విమానం టికెట్ రెండూ ఆపండి.

• యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్‌కైతే, దరఖాస్తు గడువుకు ముందు 36 నెలల్లో ఫ్రాన్స్‌లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. గడువు మామూలుగా సెప్టెంబర్‌లో. ఆగస్టులో అక్కడంతా సెలవులే, మెయిల్‌కు జవాబు రావడం కష్టం. జూన్‌కల్లా అక్కడి ప్రొఫెసర్‌తో మాట్లాడుకోండి.

• జనన ధ్రువపత్రం వెంట ఉండాలి, అక్కడ సోషల్ సెక్యూరిటీ నంబరుకు అడుగుతారు. మనవాళ్లకు పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. తేడా ఉంటే ముందే సరిచేయించుకోండి.