రోహిణి కార్తెలో చిన్న విమానం: తలుపు గడియ చూశారా?

పోయిన వారం ఒక శిక్షణ విమానం నేల విడిచీ విడవక ముందే తలుపు తెరుచుకుంది. విమానానికి వచ్చిన ముప్పేమీ లేదు. నడిపే కుర్రాడు మాత్రం తలుపు మూయబోయి వేగం సంగతి మరిచాడు. శిక్షకుడు అందుకోబట్టి గండం గడిచింది.

నీళ్లు తాగాలి, నూలు బట్టలు కట్టాలి వంటివి మీకు తెలిసినవే. నేను చెప్పేది ఒకే తప్పు గురించి. లోపలి ఉక్క భరించలేక తలుపు ఓరగా తెరిచి రన్‌వే దాకా వెళ్లడం, ‘పైకి వెళ్తే అదే చల్లబడుతుంది’ అంటూ తనిఖీలు సగంలో ముగించి లేచిపోవడం.

పైన చల్లగా ఉంటుందన్నది నిజమే. వెయ్యి అడుగులకు సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది. కానీ అక్కడికి చేరాలి కదా! బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి దాదాపు 1,740 అడుగుల ఎత్తున ఉంది. ఎండ 42 డిగ్రీలకు చేరిందంటే గాలి పలచబడి, విమానం 5,500 అడుగుల ఎత్తున ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. ఇంజన్ బలం తగ్గుతుంది, పరుగు పొడవవుతుంది, ఎక్కడం నెమ్మదిస్తుంది. మీరు ఆశపడ్డ చల్లదనం అంత ఆలస్యంగా అందుతుంది. కాబట్టి తొందరపడకుండా, లేచే ముందు తలుపు గడియ చేత్తో నొక్కి చూడండి. సెస్నా 172 అనే చిన్న విమానంలో తలుపు పిడి, చెయ్యి ఆనించుకునే పట్టెతో సమంగా పూర్తిగా దిగాలి. కంటితో చూస్తే చాలదు.

నేల మీద ఉన్నంతసేపూ గాలికి కిటికీ తెరవండి, తలుపు కాదు. ఇంజన్ పరీక్షకు విమానం ముక్కును గాలికి ఎదురుగా నిలపండి, ఇంజన్ కూడా చల్లబడుతుంది. ఆగి ఉన్నప్పుడు అద్దాలకు తెర బయటినుంచి కప్పండి. లోపల కడితే వేడి తెరకూ అద్దానికీ మధ్య చిక్కుకుంటుంది.

చల్లదనానికి లోపల ఐసుపెట్టె, ఫ్యాను పెట్టుకునేవారికి ఒక లెక్క: పది కిలోల ఐసు మొత్తం కరిగినా ఒక టన్ను ఏసీ పావుగంటలో చేసే పనే. ఆ కాసేపటి కోసం అంత బరువు మోయడం దండగని నా అభిప్రాయం. అయినా పెట్టుకుంటే పెట్టెను కట్టేయండి, బరువు లెక్కలో రాయండి.

డ్రై ఐస్ వద్దు. ఆవిరవుతూ అది వదిలే కార్బన్ డయాక్సైడ్ ఇరుకు క్యాబిన్‌లో మత్తెక్కిస్తుంది.

ఏసీ ఉన్న విమానమైతే లేచేటప్పుడు దాన్ని ఆపాలేమో మాన్యువల్‌లో చూడండి, కంప్రెసర్ ఇంజన్ బలాన్నే తింటుంది. వీలైతే ఉదయం తొమ్మిదిలోపే ఎగరండి. సాయంత్రం ఉరుముల మబ్బు కనబడితే ఆశ వదులుకోండి. దారి చూపే ట్యాబ్లెట్‌ను ఎండలో పెట్టకండి, వేడెక్కి ఆగిపోతుంది, కాగితం పటం దగ్గర ఉంచుకోండి. మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేయకండి. తల తిరిగితే ఎగరకండి. ఇంజన్ ప్రొపెల్లర్ తిరుగుతుండగా ఎవరినీ దిగనివ్వకండి, ఎంత ఉక్కపోసినా సరే. సీటు బెల్టు బకిల్ కాలుతుంది, పిల్లలకు మీరే పెట్టండి. సెంటు డబ్బాలు, లైటర్లు లోపల వదలకండి. గడియ మళ్లీ చూడండి. పక్క సీటు వైపు కూడా. గాల్లో తలుపు తెరుచుకుంటే దాన్ని ముట్టుకోకండి: చప్పుడు భయపెడుతుంది, విమానం ఎగురుతూనే ఉంటుంది. వేగం చూసుకోండి, చుట్టు తిరిగి దిగండి, నేల మీద మూయండి.